పచ్చలైటు ఎవరి మాట చెబుతోంది?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు సర్వీసు సెంటరులో చేరి పట్టుమని పది రోజులు కాకముందే కౌంటరు దగ్గరికి ఓ చిక్కుముడి వచ్చిపడిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఒకావిడ కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనరు పట్టుకొచ్చింది. మధ్యాహ్నం ఇల్లంతా శుభ్రం చేసుకోగానే ఛార్జింగు పెడుతుందట, సాయంత్రం తీస్తుందట. అడాప్టరు మీద పచ్చలైటు నిక్షేపంలా వెలుగుతుంటుంది. యంత్రం మీద మాత్రం ఎర్రలైటు మిణుకు మిణుకుమంటుంది. సాయంత్రం మీట నొక్కితే రెండు నిమిషాలకే ఆగిపోతుంది. పక్కనున్న సీనియరు యంత్రాన్ని చేత్తో ముట్టుకోకుండానే "బ్యాటరీ మార్చాలి" అనేశాడు. "పచ్చలైటు వెలుగుతుంటే బ్యాటరీ పోవడమేంటి?" అని ఆవిడ తగువు వేసుకుంది. వాళ్లిద్దరి మధ్యా నువ్వు బిక్కమొహంతో నిలబడ్డావట.

ఆ పచ్చలైటు కోసమే ఈ ఉత్తరం.

ముందు మనింట్లో ఇస్త్రీపెట్టె సంగతి. దాని మీది బుల్లి లైటు వెలుగుతుంటే పెట్టె ఇంకా కాగుతోందని, ఆరిపోతే కాగిందని అమ్మమ్మకు కూడా తెలుసు. లైటు ఆరింది కదా అని పెట్టె చెడిపోయిందని ఎవరూ అనుకోరు. అదే మనుషులు, ఛార్జింగు పూర్తవగానే లైట్లన్నీ ఆర్పేసే వాక్యూమ్ క్లీనరును చూసి కంగారుపడతారు. నిండగానే లైట్లు ఆర్పేసే కంపెనీలున్నాయి, నిలకడగా వెలిగించి ఉంచే కంపెనీలూ ఉన్నాయి. ఏ తీరు ఎవరిదన్నది యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఒక పేజీలో ఉంటుంది. సాధారణంగా ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే అటకెక్కి ఉంటుంది.

పొలంలో బోరు దగ్గరి స్టార్టరు డబ్బా మీద మూడు లైట్లుంటాయి: ఎరుపు, పసుపు, నీలం. మూడు ఫేజులకు మూడు. ఎర్రది వెలిగిందని రైతు జడవడు. మూడింట్లో ఏ ఒక్కటి ఆరినా జడుస్తాడు. రెండు ఫేజుల మీద మోటారు ఆడితే వైండింగు కాలిపోతుంది మరి. వాక్యూమ్ క్లీనర్లలో కూడా చాలావాటికి మూడు లైట్లే. కానీ అవి ఛార్జి ఎంత మిగిలిందో చెప్పే మెట్లు. అక్కడ ఒకటి ఆరితే కొంపలేం మునగవు. సబ్‌స్టేషను ప్యానెల్ ముందు నిలబడితే ఇంకో భాష వినిపిస్తుంది. అక్కడ ఎర్రలైటంటే బ్రేకరు ఆన్‌లో ఉందని, లైను బతికుందని. పచ్చలైటంటే ఆఫ్.

సూచిక దీపాల రంగులకు ఐఈసీ 60073 అనే అంతర్జాతీయ ప్రమాణం లేకపోలేదు. ఎరుపు ప్రమాదానికి, పసుపు హెచ్చరికకు, ఆకుపచ్చ అంతా సవ్యంగా ఉందనడానికి అంటుంది అది. అయినా ఇంటి సామాన్లలో ప్రమాదమేమీ లేకుండానే ఎర్రలైటు వెలిగే ఛార్జర్లు బోలెడు. దానికీ ఓ చరిత్ర ఉంది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే కాంతినిచ్చే ఎల్ఈడీని తయారుచేశాడు. అది వెలిగింది ఎర్రగానే. దండిగా వెలిగే నీలం ఎల్ఈడీ రావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పని చేసిన అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పటి యంత్రాల మీద నీలం లైట్లు కులుకుతున్నాయంటే వాళ్ల చలవే.

బ్లాక్ అండ్ డెకర్ వాళ్ల డస్ట్‌బస్టర్ అనే చేతి క్లీనరు 1979లో అమెరికాలో బజారుకొచ్చింది. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం. అప్పటి సాదా ఛార్జర్లలో లైటు బ్యాటరీని కొలిచేదే కాదు. కరెంటు అందుతోందని చెప్పి ఊరుకునేది. బ్యాటరీ నిండినా అదే వెలుగు, నిండకపోయినా అదే వెలుగు. ఎన్ని గంటలు పెట్టాలో చదువుకుని, గడియారం చూసి తీసుకోవాల్సిందే.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. క్రమంగా ఈ యంత్రాల్లోకీ అదే వచ్చింది. దాంతో లైటు వెనక ఓ కాపలాదారు కూర్చున్నాడు. ఈ రకం వాక్యూమ్ క్లీనర్లలో చాలావాటికి బ్యాటరీ మీద 21.6 వోల్టులని ఉంటుంది. లోపల ఆరు సెల్లులు వరసగా ఉన్నాయన్నమాట, ఒక్కోటీ 3.6 వోల్టులు. పూర్తిగా నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2కు చేరుతుంది, ప్యాక్ మొత్తం 25.2కు. ఆ గీత దాటితే సెల్లు దెబ్బతింటుంది, వేడెక్కుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే బీఎంఎస్ అనే చిన్న సర్క్యూటు బోర్డు వోల్టేజినీ, కరెంటునూ, వేడినీ కనిపెట్టుకుని ఉంటుంది. యంత్రం మీది లైటు ఆ బోర్డు చెప్పిన మాట.

ఆ మాటను కూడా లెక్కతో సరిచూసుకోవచ్చు. ప్యాక్ మీద 2.5 ఆంపియర్ అవర్లని, అడాప్టరు మీద 0.5 ఆంపియర్లని ఉంటే ఖాళీ బ్యాటరీ నిండడానికి కనీసం 5 గంటలు. బిందె నిండేటప్పుడు చివర్లో కుళాయి సన్నగా తిప్పినట్టు, ఛార్జరు కూడా ఆఖర్న కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది కనుక ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అరగంటలో "నిండింది" అనే లైటును నమ్మడానికి లేదు. వాడకం లెక్కా ఇలాంటిదే. 21.6ను 2.5తో హెచ్చిస్తే 54 వాట్ అవర్లు. మోటారు పూర్తి వేగంలో 350 వాట్లు లాగితే ఆ బ్యాటరీ తొమ్మిది నిమిషాలకు అయిపోతుంది. 100 వాట్ల నెమ్మది వేగంలో అరగంట వస్తుంది. కొత్త యంత్రాన్ని పెద్ద వేగంలో పెట్టి "పదినిమిషాలు కూడా రావట్లేదు" అని గొడవపడేవాళ్లకు ఈ గుణకారం కాగితం మీద చేసి చూపిస్తే చాలు.

పెద్ద వేగం నొక్కగానే మూడు లైట్లలో ఒకటి ఆరి, వదలగానే మళ్లీ వెలగడం ఇంకో ఫిర్యాదు. పల్లెలో పక్క చేను మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు మసకబారడం చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. బరువు పడితే వోల్టేజి కుంగుతుంది. వోల్టేజినే చూసి మెట్టు చెప్పే యంత్రమైతే లైటూ దాంతోపాటే కిందికి దిగుతుంది.

ఇప్పుడు అడాప్టరు లైటుకొద్దాం. అసలు మెలిక ఇక్కడే ఉంది. కొన్ని అడాప్టర్ల మీది లైటు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. గోడ ప్లగ్గులో కరెంటుందని చెప్పడమే దాని పని. ఇంకొన్ని ఛార్జింగప్పుడు ఎర్రగా, తర్వాత పచ్చగా మారతాయి. ఎలక్ట్రిక్ సైకిళ్ల ఛార్జర్లలో ఈ రకం బాగా కనిపిస్తుంది. ఆ ఛార్జరుకు బ్యాటరీ కడుపు నిండిందో లేదో నేరుగా తెలియదు. తనలోంచి ఎంత కరెంటు పోతోందో మాత్రమే తెలుసు. కరెంటు బాగా పోతుంటే ఎరుపు, దాదాపు ఆగిపోతే పచ్చ. బ్యాటరీ నిండినా కరెంటు ఆగుతుంది. పిన్ను వదులైనా, వైరు లోపల తెగినా, బీఎంఎస్ తలుపు మూసేసినా ఆగుతుంది. అన్నింటికీ ఒకటే పచ్చ.

దీన్ని తేల్చడానికి మల్టీమీటరు కూడా అక్కర్లేదు. అడాప్టరును గోడకే ఉంచి, యంత్రంలోంచి పిన్ను లాగెయ్యాలి. ఉత్త వైరు వేలాడుతున్నా లైటు పచ్చగా ఉంటే, ఆ పచ్చకు "నిండింది" అనే అర్థం ఒక్కటే కాదని రుజువైనట్టే. ఆ తర్వాత మీటరును డీసీలో పెట్టి, అడాప్టరు మీద రాసినంత వోల్టేజి పిన్నులో వస్తోందో లేదో చూడాలి. పిన్ను పట్టింది కదా అని షాపులో ఉన్న వేరే అడాప్టరు గుచ్చి చూడడం మాత్రం పనికిరాదు. పిన్ను సైజు కలిసినా వోల్టులు కలవకపోవచ్చు.

మిగిలింది యంత్రం మీది ఎర్ర మిణుకు. లిథియం అయాన్ సెల్లుల డేటాషీట్లలో సాధారణంగా ఛార్జింగుకు 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ హద్దని రాసి ఉంటుంది. వాడకానికి ఆ హద్దు 60 దాకా పోతుంది. అంటే వేడెక్కిన బ్యాటరీ పనిచేస్తుంది గానీ ఛార్జింగు తీసుకోదు. సెల్లులకు ఆనుకుని థర్మిస్టరనే చిన్న పూసలాంటి భాగం ఒకటి ఉంటుంది. వేడిని బట్టి దాని రెసిస్టెన్సు మారుతుంది, దాన్ని చూసి బీఎంఎస్ ఛార్జింగును ఆపేస్తుంది. చాలా కంపెనీలు ఆ ఆపడాన్ని మిణుకుతోనో, రంగు మార్చో చెబుతాయి. మిణుకు మామూలు ఛార్జింగుకు గుర్తయిన యంత్రాలూ ఉన్నాయి కనుక పుస్తకంలో ఆ పేజీ చూడకుండా తీర్పు చెప్పకూడదు.

షికాగోలో స్థిరపడ్డ తెలుగువాళ్లు జనవరిలో ఇదే యంత్రాన్ని గరాజ్‌లో ఛార్జింగు పెడితే అవతలి హద్దు తగులుతుంది. సున్నా కింద ఛార్జి చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి ఇంకకుండా దాని పైన లోహంలా పేరుకుంటుంది. సెల్లు ఆయుష్షు తగ్గడమే కాదు, లోపల షార్టయ్యే ముప్పు కూడా ఉంది. రెంటచింతలలో మే నెల ఎండకూ షికాగో మంచుకూ కాపలాదారు చెప్పే జవాబు ఒకటే: ఇప్పుడు వద్దు.

ఇక ఆవిడ చెప్పినవి వరసన పెట్టి చూస్తే సరి. శుభ్రం చేయగానే ఛార్జింగు పెడుతోంది, కాబట్టి ప్యాక్ అప్పటికే కాగి ఉంది. పెట్టేది మధ్యాహ్నం, నడుస్తున్నది మే నెల. యంత్రం "వద్దు" అని మిణుకుతోంది. కరెంటు పోక అడాప్టరు పచ్చగా వెలుగుతోంది. రెండు లైట్లూ చెబుతున్నది ఒకటే సంగతి కావచ్చు. కాకపోతే ఛార్జింగు కొసలకు దుమ్ము పట్టి ఉండాలి, లేదా సీనియరు అన్నట్టు సెల్లే పోయి ఉండాలి. ప్యాక్ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా ఈ పరీక్షలేవీ చేయకుండా ఛార్జింగు ఆపి పక్కన పెట్టాలి. మారిస్తే ఐఎస్ 16046 అని, బీఐఎస్ నమోదు సంఖ్య అని ఉన్న ప్యాకే మార్చాలి.

రేపు ఆవిడ వచ్చినప్పుడు యంత్రాన్ని ఏసీ గదిలో గంటసేపు ఊరికే ఉంచి, తర్వాత ఆవిడ ముందే ఛార్జింగు పెట్టు. త్వరగా చల్లబడుతుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, చెమ్మ చేరుతుంది. అడాప్టరు ఎర్రగా మారిందో లేదో చూసి మామయ్యకు ఫోను చెయ్యి. ఆ లోపల ఆవిణ్ని ఒక్క మాట అడిగి పెట్టు: ఛార్జింగు పెట్టే ప్లగ్గు ఇంట్లో ఏ మూల ఉంది, పడమటి బాల్కనీలోనా?

ఇట్లు,
మీ మామయ్య