చదువు చెప్పు అమ్మాయికి

 

నీవు అమెరికాలోని సిరక్యూసు గ్రంథాలయమున ఇంగ్లీషు నేర్పుచున్న సొమాలీ ఇల్లాలికి ఇన్ని నెలలైనను ఒక పేరా చదువ రాలేదనియు, మంచు కురిసిన వారములలో నీవు పోలేదనియు, ఇక ఈ పని విరమింతుననియు వ్రాసితివి. ఆమెకు పేరా రాకపోవుటకన్న నీవు పోకపోవుటయే నన్ను ఎక్కువగా కలతపెట్టినది.

వయోజనులకు చదువు చెప్పువారికి కావలసిన మొదటి అర్హత వేళకు పోవుట. పసివానిని బడికి తల్లి పంపును. పగలెల్ల హోటలు గదులు శుభ్రపరచి, పిల్లలను పొరుగింట నప్పగించి, బస్సులు మారి, తన కూతురి యీడు పిల్ల యెదుట తప్పులు చదువుటకు సిగ్గు విడిచి వచ్చు ఇల్లాలిని ఎవరు పంపిరి? ఆమె వచ్చిన నాడు నీ కుర్చీ ఖాళీగా నున్నచో, తనకీ చదువు తగదని తీర్మానించుకొనును. మంచు అనవలదు, మీటింగు అనవలదు; పోలేనినాడు ముందే ఫోను చేయుము. అన్నట్లు, చేతులకు ఉన్ని తొడుగులు వేసికొనుచున్నావా? దగ్గు ఇంకను తగ్గలేదని మీ అమ్మ చెప్పినది. మిరియాల పాలు మానకుము.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగిన దినములలో, నేను చదువు చెప్పిన రాత్రిబడికి, నాట్లు వేసిన బురద గోళ్లలో ఆరకమునుపే వచ్చు అవ్వ యొకతె ఉండెడిది. ఆమెకు అఆలతో పనిలేదు. కొట్టువాడు తన ఖాతాలో ఏమి వ్రాయుచున్నాడో తెలియవలెను. ఆ పద్దునే పాఠము చేసితిని. పిమ్మట తానే అంకెలు కూడి, వానితో జగడమాడి, బెల్లము తూకము కూడ సరిచేయించినది. ఏమి నోరు ఆమెది! ఆ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా వాచకములోని, సారా చేటు తెలుపు సీతమ్మ కథ విని, చదివి, సారా దుకాణము మూయించిరి. ఆ పోరు వ్యాపించి, 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. వారెవ్వరును పండితులైన పిదప కదలినవారు కారు.

నీవున్న ఊరిలోనే రూత్ కాల్విన్ అను ఆమె 1962లో వయోజనులకు చదువు నేర్పు పని ప్రారంభించి, నేర్చుకొనువారు నోట చెప్పిన మాటలనే వ్రాసి వారిచేత చదివించు పద్ధతిని ప్రచారము చేసినది. ఆ దేశపు పౌరసత్వ పరీక్షలోనైనను మూడు వాక్యములలో ఒకటి చదివి, మూడింటిలో ఒకటి వ్రాసిన ఇంగ్లీషు చదువు, వ్రాత గట్టెక్కును గదా! పేరా నట్లుంచి, మందుసీసాపై చీటీ, పిల్లల బడినుండి వచ్చిన జాబు, అద్దె కాగితము ఆ సొమాలీ ఇల్లాలి ముందుంచుము. సంతకమునకు ముందు కాగితములో ఏమున్నదో చదువగలిగిన మనిషిని మోసగించుట ఏ దేశమునను సులభము కాదు.

విరమించుట ఆమె యిష్టము. నీకా హక్కు లేదు. వచ్చు తరగతికి పది నిమిషములు ముందుగా పొమ్ము.

ఇట్లు,
పెదనాన్న