వాన పడ్డ మర్నాడు కుంటలో చేపలు ఎందుకు చస్తాయి?

ఎండలు మండిపోయాక ఒక్క పెద్ద వాన పడితే, కొన్ని కుంటల్లో తెల్లారేసరికి చేపలు తేలుతుంటాయి. 'ఎవరో మందు కలిపారు' అని ఊళ్లో తగవు మొదలవుతుంది. చాలాసార్లు ఇది మనుషుల పని కాదు, నీటి గుణం.

అన్నం ఎసరు చూడండి. పొయ్యి కింద ఉంది గనుక అడుగు నీరు వేడెక్కి, తేలికై పైకొస్తుంది. పైనున్న చల్లనీరు బరువుగా కిందికి దిగుతుంది. బియ్యపు గింజలు పైకీ కిందికీ తిరిగేది అందుకే. బడి పుస్తకాల్లో దీన్నే సంవహనం అంటారు.

కుంటకు మాత్రం పొయ్యి పైనుంది. ఎండకు పైనీరే వేడెక్కి, పైనే ఉండిపోతుంది. 35 డిగ్రీల నీరు 25 డిగ్రీల నీటికన్నా లీటరుకు 3 గ్రాములు తేలిక. ఆ కాస్త తేడా చాలు, రెండూ కలవవు. లోతు తక్కువైన కుంటలో పైనీరు రాత్రికి చల్లబడి దిగి, రోజూ కలిసిపోతుంది. లోతు కుంటలో, గాలి ఆడకపోతే, రోజుల తరబడి కలవదు.

పాల్వంచ, ములకలపల్లి, అశ్వారావుపేట వైపు అడవి అంచు కుంటలకు ఈ ముప్పు ఎక్కువ. చెట్లు గాలికి అడ్డం. రాలిన టేకు, తునికి ఆకులు అడుగున కుళ్లి, అక్కడి ప్రాణవాయువును హరిస్తాయి. చల్లని వాన పడగానే పైనీరు బరువెక్కి దిగుతుంది. అడుగునున్న కుళ్లు నీరు లేచి కుంటంతా కలుస్తుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే బొచ్చె, రోహు హాయిగా పెరుగుతాయి. 2 కన్నా తగ్గితే ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తులు: తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పెద్దవి ముందు చస్తాయి. పైగాలి పీల్చే కొర్రమీను, మట్టగిడస బతికే ఉంటాయి. అవి కూడా చస్తే విషం సంగతి ఆలోచించి, నీటిని పరీక్షకు పంపాలి.

ఏం చేయాలి: మబ్బు పట్టిన రోజుల్లో దాణా, పేడ ఆపాలి. చేపలు నోళ్లు తెరిస్తే వెంటనే మోటారుతో పైనీరు తోడి, కుంటలోకే ఎగజిమ్మాలి. మోటారు లేకుంటే వెదురు బద్దలతో పైనీటిని కొట్టాలి. అడుగు బురద కదిలేలా వల లాగొద్దు. కుంట ఎండినప్పుడు ఆకు, బురద ఎత్తి చేలో వేసుకుంటే కుంటకూ మేలు, చేనుకూ ఎరువు.