మూలం పట్టాక పానా పట్టండి

పాత ఓమ్ని వ్యాన్ ఉన్నవాళ్లకు ఇది అలవాటైన తంతే. పొద్దున్నే బండి కింద నల్లటి మచ్చ కనిపిస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తారు, తగ్గినంత ఆయిల్ పోస్తారు, మచ్చ మీద గుప్పెడు ఇసుక చల్లి వెళ్లిపోతారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే. బండికే కాదు, బతుకులో చాలా చిక్కులకు మనం చేసే వైద్యం ఇలాగే ఉంటుంది: తగ్గింది నింపుతాం, కారేది వదిలేస్తాం.

నిజానికి ఇంట్లో పని నేర్చుకోవడానికి ఓమ్నికి మించిన బండి లేదు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 2019 దాకా తయారైన ఈ బండికి 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు లేపితే చేతికి అందుతుంది. ఓపిక ఉంటే చాలు, అది మనకూ నాలుగు పాఠాలు చెబుతుంది.

1. ముందు తుడవండి, తర్వాత తేల్చండి

ఇంజిన్ అంతా జిడ్డుగా ఉంటే లీకు ఎక్కడో చెప్పలేం. బాగా చల్లారాక బ్రష్షుతో, డీజిల్‌తో జిడ్డు వదిలించి, పొడి గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాకే స్టార్ట్ చేయండి. కింద అట్టముక్క పరిచి, ఇంజిన్ కాసేపు నడిచాక టార్చి వేసి చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పరుగులో గాలికి వెనక్కి చిమ్ముతుంది. అందుకే తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్న దాన్నే ముందు అనుమానించాలి. అడుగున ఆయిల్ ఛాంబర్ ప్యాకింగ్ పోయిందని కంగారుపడ్డవాళ్లకు తీరా చూస్తే పైన ట్యాపెట్ కవర్ దగ్గర దొరుకుతుంది దొంగ.

రాత్రి అన్నం దగ్గర పిల్లాడి మీద విరుచుకుపడ్డామంటే తప్పు వాడి మార్కులది కాకపోవచ్చు. మధ్యాహ్నం ఆఫీసులో మింగిన మాట అక్కడ బయటపడి ఉండవచ్చు. కోపం ఎక్కడ కారిందో కాదు, ఎక్కడ పుట్టిందో వెతకండి.

2. బిగిస్తే ఆగదు

ట్యాపెట్ కవర్ కారుతోందనగానే చాలామంది పానా పట్టి బోల్టులు బలంగా బిగిస్తారు. దాంతో కవర్ వంగుతుంది, అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి, చిన్న పని పెద్దదవుతుంది. పాత ప్యాకింగ్ తీసి వేళ్లతో వంచి చూడండి. ఏళ్ల తరబడి వేడికి ఎండి, పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. విరిగేదాన్ని ఎంత బిగిస్తే ఏం లాభం? అంచులకు అంటిన ముక్కలు లోపల పడకుండా గీకి, శుభ్రంగా తుడిచి, కొత్తది వేయండి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా సమంగా బిగించండి.

చదవని పిల్లలకు ట్యూషన్ల మీద ట్యూషన్లు, పని జరగని ఆఫీసులో మీటింగుల మీద మీటింగులు కూడా బోల్టు బిగించడమే. అరిగిపోయిందేదో కనుక్కుని మార్చాలి.

3. లోపలి ఒత్తిడికి దారి ఇవ్వండి

కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ కారుతుంటే బ్రీదర్ పైపు చూడండి. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగే గ్యాస్ ఆ దారినే బయటికి పోవాలి. మడ్డి పట్టి అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న చోటల్లా ఆయిల్‌ను తోసేస్తుంది. పైపు కడిగి పెట్టండి. ఆయిల్ కూడా డిప్‌స్టిక్ పై గీత దాటనివ్వకండి.

మనిషికైనా అంతే. రోజూ ఓ అరగంట నడక, మనసు విప్పి మాట్లాడే ఒక్క స్నేహితుడు లేకపోతే ఒత్తిడి తన దారి తానే వెతుక్కుంటుంది.

4. ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య తడి ఉంటే వెనక ఆయిల్ సీల్ పోయి ఉండవచ్చు. దానికి గేర్‌బాక్సు దించాలి. అది మెకానిక్ పని. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. కాలుతున్న ఆయిల్ వాసనో, పొగో వస్తే, ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి. చేతకాని పని ఒప్పుకుని తెలిసినవాడికి అప్పగించడం ఓటమి కాదు, తెలివి.

పని అయ్యాక కూడా కొన్నాళ్లు అట్టముక్క పరిచి చూస్తూ ఉండండి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి, డబ్బాలో పట్టి సేకరించేవాళ్లకు ఇవ్వండి. ఈ ఆదివారం ఒక్క లీకు ఎంచుకోండి. అది బండిది కావచ్చు, జేబుది కావచ్చు, మాటది కావచ్చు. మూలం దొరికేదాకా తుడిచి చూడండి. పానా ఆ తర్వాతే!