టార్పెడో గుఱి: ఒక త్రిభుజపు కథ

నీటిలోపల సంచరించు నౌక జలాంతర్గామి. జల, అంతర్గామి అను పదములు సవర్ణదీర్ఘసంధిచే కలిసి ఈ మాట యేర్పడినది. శత్రునౌకను కొట్టుటకు అది ప్రయోగించు ఆయుధము టార్పెడో. విడిచిన పిమ్మట టార్పెడో తన యంత్రబలముచే నీటిలో దూసికొని పోవును.

టార్పెడో చేరులోపల నౌక ముందుకు సాగిపోవును గదా! కావున నౌక ఉండబోవు చోటికి గుఱిపెట్టవలెను. పరుగెత్తు చెలికానికి బంతి విసరు బాలుడును ఇట్లే చేయును. జలాంతర్గామి నాయకుడు పెరిస్కోపులో చూచి నౌక దూరమును, దిశను, వేగమును అంచనా వేయును.

ఒక ఉదాహరణము. నౌక మన కెదుట 2 కిలోమీటర్ల దూరమున, మన దృష్టిరేఖకు లంబముగా, గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. టార్పెడో వేగము గంటకు 50 కిలోమీటర్లు. 3 నిమిషములలో నౌక 1½ కిలోమీటర్లును, టార్పెడో 2½ కిలోమీటర్లును పోవును. 1½, 2, 2½ భుజములుగా త్రిభుజమును గీచి చూడుడు. 3, 4, 5 నిష్పత్తిగల లంబకోణ త్రిభుజమే యది! కర్ణము టార్పెడో మార్గము. దృష్టిరేఖకు సుమారు 37 డిగ్రీలు ముందుగా గుఱిపెట్టవలెను. నౌక వేగమును తక్కువగా అంచనా వేసినచో టార్పెడో నౌక వెనుకగా పోవును. నౌకాధ్వనిని అనుసరించి పోవు టార్పెడోలు తరువాత వచ్చినవి.

గణితమునకు ముందు లక్ష్యమెచ్చటనున్నదో తెలియవలెను. 1971 యుద్ధమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుచు విశాఖపట్టణము చెంతకు వచ్చినది. విక్రాంత్ అప్పటికే అండమాను దీవులకు తరలింపబడినది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీయే మునిగిపోయినది. అందలి వారెవ్వరును బ్రదుకలేదు. రాజ్‌పుత్ నౌక నీటిలో ప్రేల్చిన బాంబులు కారణమని మన నౌకాదళమును, ప్రమాదవశమున కలిగిన ప్రేలుడని పాకిస్తానును చెప్పినవి.

ఆ నెల 9వ తేదీ రాత్రి డయ్యూ సమీప సముద్రమున పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ విడిచిన టార్పెడో మన ఖుక్రీ నౌకను తాకినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోనే మునిగెను. మరణానంతరము ఆయనకు మహావీరచక్ర లభించినది. మన పటములో చిన్న బిందువుగా గుర్తించు లక్ష్యమున ఇందఱు మనుష్యులుందురని మఱువరాదు.

మన హోసూరు, కృష్ణగిరి సీమలకు సముద్రము దూరము. విశాఖపట్టణము పోయినవారు, 2002 నుండి తీరమున ప్రదర్శనశాలగానున్న కుర్సురా జలాంతర్గామిలో టార్పెడో గొట్టములను చూడవచ్చును.

అభ్యాసము: పై ఉదాహరణములో నౌక వేగము గంటకు 40 కిలోమీటర్లైనచో టార్పెడో ఎన్ని నిమిషములకు తాకును? పటము గీచి కనుగొనుడు.