పిక్కలు లావైతే బలమేనా? – డ్యుషేన్ కండరాల క్షీణత

నాలుగేళ్ళ మగపిల్లవాడు తోటివారితో పరుగెత్తలేకపోతున్నా, చీటికిమాటికి పడిపోతున్నా "నీరసం, టానిక్ పడితే సరి" అనుకుంటాము. పెద్దలు "ఎదిగితే అదే సర్దుకుంటుంది" అంటారు. చాలామంది పిల్లల్లో అది నిజమే. కాని వాటితోపాటు మునివేళ్ళమీద నడవడం, నేలమీదనుండి లేచేటప్పుడు చేతులను మోకాళ్ళమీద, తొడలమీద ఆనించి పైకి లేవడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పిక్కలు లావుగా ఉన్నాయి గనుక పిల్లవాడు పుష్టిగా ఉన్నాడని మురిసిపోవద్దు. ఈ జబ్బులో కండ తరిగి, ఆ చోట కొవ్వు, పీచు చేరడంవల్ల కూడా పిక్కలు ఉబ్బుతాయి.

ఈ వ్యాధిని 19వ శతాబ్దంలో వివరించిన ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ పేరే దీనికి వచ్చింది. సుమారు 5,000 మంది మగపిల్లలలో ఒకరికి వస్తుంది. కండర కణాల పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు వీరి శరీరంలో తయారుకాదు. అందువల్ల కదిలినప్పుడల్లా కణాలు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. మందులు వాడకపోతే సాధారణంగా 12 ఏళ్ళలోపే నడక ఆగిపోతుంది. తరువాత గుండె, ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడతాయి.

మొదటి పరీక్ష సులభమే. రక్తంలో సి.పి.కె. చూస్తారు. ఈ జబ్బులో అది వేలల్లో ఉంటుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. పెరిగాయని కాలేయానికి మందులు వాడుతూ నెలలు గడిపే కుటుంబాలున్నాయి. ఆ రెండూ కండరాలనుండి కూడా వస్తాయి. పిల్లవాడి నడకలో తేడా ఉంటే సి.పి.కె. కూడా చేయించమని అడగండి. తరువాత జన్యుపరీక్షతో వ్యాధిని నిర్ధారిస్తారు.

లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది కాబట్టి వేలు తల్లివైపే చూపుతారు. ఇది అన్యాయం. సుమారు మూడింట ఒక వంతు పిల్లలలో ఇది తల్లినుండి రాకుండా కొత్తగా ఏర్పడుతుంది. తల్లి వాహకురాలైనా అది ఆమె చేసిన తప్పు కాదు. అయితే అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ వ్యాధి వచ్చే అవకాశం సగానికి సగం. ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశమూ అంతే. అందుకే మరో బిడ్డకు ముందు జన్యు సలహా తీసుకోవలెను. అక్కచెల్లెళ్ళకూ ఈ సంగతి చెప్పవలెను.

పూర్తిగా నయంచేసే మందు లేదు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన జన్యుచికిత్స కూడా వ్యాధిని తుడిచిపెట్టలేదు. పైగా దాని తరువాత కాలేయం చెడి మరణించినవారున్నారు. ఖర్చు కోట్లలో ఉంటుంది. అలాగని చేతులు ముడుచుకోనక్కరలేదు. ప్రెడ్నిసొలోన్ లేక డెఫ్లజాకార్ట్ వాడితే నడక మరికొన్నేళ్ళు నిలుస్తుంది. వాటిని సొంతంగా ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం. రోజూ మడమ నరం సాగదీసే వ్యాయామం చేయించాలి. అలసిపోయేలా బరువులెత్తించడం, గంతులు వేయించడం తగదు. నడక బాగున్నా ఏటా గుండెకు ఎకో తీయించాలి. ఏ ఆపరేషనుకైనా మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి, కొన్ని మత్తుమందులు వీరికి ప్రమాదకరం.

బుద్ధి చక్కగా ఉన్న పిల్లవాణ్ణి మెట్లెక్కలేడని బడి మాన్పించవద్దు. తరగతిని కింది గదిలోకి మార్చమని హెడ్మాస్టరుగారిని అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కండరాల క్షీణత కూడా చేరింది, కనుక సదరం సర్టిఫికెట్టుకు దరఖాస్తు చేయండి.