ఈ ఆదివారం అమ్మానాన్నలతో గోలకొండకు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో బోరుబావి వేస్తుండగా ఎప్పుడైనా చూశారా? గొట్టంలోంచి బూడిదరంగు పొడి ఎగజిమ్ముతుంది. చుట్టుపక్కల ఇళ్లన్నీ దుమ్ము కొట్టుకుపోతాయి. ఆ పొడి గ్రానైటు శిలది. మన ఇళ్లు, బడులు, సినిమా హాళ్లు అన్నీ ఆ శిల మీదనే ఉన్నాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

పొడిగా కాక శిలగానే దాన్ని చూడాలంటే గుట్ట ఎక్కాలి. అందుకు హిమాలయాల దాకా పోనక్కర్లేదు. బస్సెక్కితే గోలకొండ ఉంది. ఇంటిల్లిపాదీ వెళ్లండి. ఆదివారం ట్యూషన్ ఉందంటారా? కోచింగ్ సెంటర్ల పేటలో ఉంటున్నాం మరి! మానెయ్యమని ఉపాధ్యాయుణ్ణయి నేను చెప్పకూడదు గాని, ఒక్క పూటకు మీ మాస్టారిని అడిగి చూడండి.

కోట అడుగునుంచి పైనున్న బాలాహిస్సారు సుమారు 120 మీటర్ల ఎత్తు. మీ బరువు 40 కిలోలైతే, అంత ఎత్తుకు చేరడానికి మీరు చేసే పని 40×9.8×120, అంటే 47,040 జౌళ్లు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగోవంతునే పనిగా మార్చగలవు. మిగిలింది వేడిగా పోతుంది. చెమట పట్టేది అందుకే. కనుక నాలుగింతలు వేసుకుంటే సుమారు 45 కిలోకేలరీలు. ఒక ఇడ్లీతో సరి! నాన్నగారి బరువుతో ఇదే లెక్క వేసి ఆయనకు చెప్పండి.

దారిలో గుండ్లను చూడండి. ఒక పెద్ద గుండు మీద మరొకటి నిలబడి ఉంటుంది. ఎవరో దొర్లించి పెట్టారనుకుంటాం. కాదు, అవి ఉన్నచోటనే తయారయ్యాయి. నేల లోపల గ్రానైటుకు నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. వాటిలోకి దిగిన నీరు శిలలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లమెల్లగా మట్టిగా మారుస్తుంది. దిమ్మ ముఖం మీద నీరు ఒకవైపునుంచే పనిచేస్తుంది. అంచు మీద రెండు వైపులనుంచి, మూల మీద మూడు వైపులనుంచి. కనుక మూలలే ముందు అరిగిపోతాయి. పటికబెల్లం ముక్కను కాసేపు చప్పరించి తీసి చూడండి, తెలుస్తుంది. తర్వాత వానలు చుట్టూ ఉన్న మట్టిని కడిగేస్తే గుండ్రాయి మిగులుతుంది. కోట కట్టినవారు చాలాచోట్ల ఈ గుండ్లను తొలగించక, గోడలో కలిపేసుకున్నారు.

చలికాలం మేలు. ఎండాకాలంలో రాయి బాగా కాగిపోతుంది. నీళ్లు మరవకండి. అందరికంటె మెల్లగా నడిచేవారి వేగంతోనే అందరూ నడవండి. నాయనమ్మ సగంలో కూర్చుంటానంటే ఒకరు తోడుండండి. గుండ్ల మీదికి మాత్రం పాకవద్దు.

పైకి చేరాక, ఎదురుగా పరుచుకున్న నగరాన్ని చూపించి పెద్దవాళ్లను అడగండి: "మీ చిన్నప్పుడు ఎక్కడెక్కడ గుట్టలుండేవి?" వారు వేలు చూపించినచోట ఇప్పుడు మేడలుండవచ్చు. కంకర కోసం, ఇళ్ల స్థలాల కోసం ఎన్నో గుట్టలను పేల్చేశారు. ఉన్నవాటినైనా కాపాడాలని 1996లో ఇక్కడ 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ ఏర్పడి, జనాన్ని రాళ్ల మధ్యకు నడిపించుకు వెళ్లే కార్యక్రమాలు జరుపుతూ వచ్చింది. పోయిన గుట్టల పేర్లు పెద్దవాళ్లకు గుర్తుంటే నోటుబుక్కులో రాసుకోండి. మిగిలినవాటిలో ఒకదానికి వచ్చే నెల వెళ్లవచ్చు. మౌలాలి గుట్టకూ మెట్లున్నాయి.