ఆయిల్ వేడి, డబ్బా మీది అంకెలు: ప్రశ్నలు - జవాబులు

ఎండలు ముదిరేసరికి ఇంజిన్ ఆయిల్ మీద సందేహాలు కూడా ముదిరాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఇవన్నీ వేగంగా నడపడం కోసమే కారు కొనుక్కున్నవాళ్ల ప్రశ్నలు. ఇంటికీ ఆఫీసుకీ తిరిగే చిన్న కారు ఉన్నవాళ్లు సరదాకి చదువుకోవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

ప్రశ్న: నా స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్‌లో ఆయిల్ టెంపరేచర్ అంకెల్లో కనిపిస్తుంది. సిటీలో 95 దగ్గర ఉంటుంది. మొన్న శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే 114కి పోయింది. వంద దాటితే ఇంజిన్ సీజ్ అయిపోతుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు. నిజమేనా? - ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: తమ్ముడు నీళ్ల లెక్క తెచ్చి నూనెకు వేస్తున్నాడు. వందకు మరిగేది నీళ్లు. సింథటిక్ ఆయిల్‌కు 114 మామూలు పనివేడి. పైగా ఆయిల్ అప్పుడప్పుడు వంద దాటడమే మంచిది. ఇంజిన్ లోపల పేరుకునే తేమ, సిలిండర్ గోడల మీంచి కిందికి జారే పెట్రోలు ఆ వేడికే ఆవిరై పోతాయి. రోజూ మూడు కిలోమీటర్లు నడిపి ఆపేసే కారులో ఆయిల్ త్వరగా చెడడానికి ఒక కారణం అది ఎప్పుడూ సరిగ్గా వేడెక్కకపోవడమే.

రోడ్డు మీద 90 నుంచి 115 దాకా ఏ ఆలోచనా అక్కర్లేదు. ట్రాక్ మీద 120, 130 కనిపిస్తాయి. అక్కణ్ణించి జాగ్రత్త మొదలవ్వాలి. 140కి చేరువైతే వేగం తగ్గించి చల్లబరచాల్సిందే. ఆ వేడిలో నూనె పలచబడటమే కాదు, గాలితో కలిసి ఆక్సిడేషన్‌కు లోనై గుణం కూడా కోల్పోతుంది. అలాంటి రోజు గడిచాక తర్వాతి ఆయిల్ మార్పును ముందుకు జరుపుకోవాలి.

తమ్ముడు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. కారు స్టార్ట్ చేయగానే ఆ డిస్‌ప్లేలో అంకె రాదు, గీతలు వస్తాయి. ఆయిల్ 50 డిగ్రీలకు చేరాకే అంకె మొదలవుతుంది. కూలెంట్ ముల్లు అప్పటికే మధ్యకొచ్చి నిలబడి ఉంటుంది గనక చాలామంది అది చూసి యాక్సిలరేటర్ తొక్కేస్తారు. ఆయిల్ వేడెక్కడానికి కూలెంట్ కంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. 80 దాకా ఆగండి. ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3లో ఇందుకోసమే టాకోమీటర్ చుట్టూ పసుపు దీపాలు పెట్టారు. ఆయిల్ వేడెక్కేకొద్దీ అవి ఒక్కొక్కటే ఆరిపోతూ, ఇంకెంతవరకు తిప్పొచ్చో చెబుతాయి. 114కి భయపడేవాళ్ల కంటే 40 దగ్గర ఆరువేల ఆర్పీఎం తిప్పేవాళ్లే ఇంజిన్‌కు ఎక్కువ చెరుపు చేస్తారు.

ప్రశ్న: మా మెకానిక్ టర్బో పెట్రోల్ కారులో 5డబ్ల్యూ-30 బదులు 10డబ్ల్యూ-60 పోయమంటున్నాడు. "బీఎండబ్ల్యూ ఎం కార్లకే అది వాడతారు, మన ఎండలకు చిక్కటిదే కరెక్ట్" అంటాడు. పోయమంటారా? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. మెకానిక్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది గనకే వివరంగా చెప్పుకోవాలి.

డబ్బా మీది అంకెలు ఎస్ఏఈ జె300 అనే ప్రమాణం నుంచి వచ్చాయి. డబ్ల్యూకు ముందున్నది చలిలో స్టార్టింగ్‌కు సంబంధించింది. 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. బెజవాడకు ఆ చలితో పనిలేదు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 60 అంటే 21.9 నుంచి 26.1 లోపు. ఈ గ్రేడ్‌లు అన్నిటికీ 150 డిగ్రీల దగ్గర గట్టిగా ఒరిపిడి పెట్టినప్పుడు కనీసం ఎంత చిక్కగా నిలవాలో కూడా ఇదే ప్రమాణం చెబుతుంది. బేరింగ్‌లో నూనె పడే పాటుకు దగ్గరగా ఉండేది ఈ చివరి పరీక్షే.

అయితే మీ ఇంజిన్ వంద దగ్గరే ఆగిపోదు కదా. మామూలు 5డబ్ల్యూ-30 సింథటిక్ వంద దగ్గర పదిన్నర సెంటీస్టోక్స్ ఉంటే, 130 దగ్గర ఆరుకు పడిపోతుంది. 10డబ్ల్యూ-60 అదే 130 దగ్గర పన్నెండు ఉంటుంది. అంటే ట్రాక్ మీద మాడిపోతున్న 60 గ్రేడ్, రోడ్డు మీద హాయిగా ఉన్న 30 గ్రేడ్ కంటే కాస్తే చిక్కన. ఎం3 ఇంజిన్ 8,000 ఆర్పీఎం తిరిగేది, వేడి కూడా అంతే. దానికి ఆ గ్రేడ్ అవసరమైంది. తర్వాత వచ్చిన టర్బో ఎం3కి బీఎండబ్ల్యూయే 10డబ్ల్యూ-60 చెప్పలేదు. మెకానిక్‌కు ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

మీ కారు ట్రాక్ ఎక్కదు, ఆయిల్ 100 దగ్గర తిరుగుతుంది. అక్కడ 60 గ్రేడ్ కావలసినదానికి రెట్టింపు చిక్కగా ఉంటుంది. పొద్దున్న 30 డిగ్రీల దగ్గర స్టార్ట్ చేస్తే సుమారు రెండున్నర రెట్లు. చిక్కటి నూనెను తోయలేక పంపు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఫిల్టర్ బైపాస్ తెరుచుకుని వడకట్టని నూనె లోపలికి పోవచ్చు. నూనె ఒత్తిడితోనే పనిచేసే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ మందగిస్తుంది. గేజ్‌లో ప్రెజర్ మాత్రం గొప్పగా కనిపిస్తుంది. ఎక్కువ ప్రెజర్ అంటే ఎక్కువ నూనె పారుతోందని కాదు, పారడానికి అడ్డు ఎక్కువైందని.

ఒకే కుటుంబం ఇంజిన్‌కు వాడకాన్ని బట్టి గ్రేడ్ ఎలా మారుతుందో ఫోర్డ్ చూపించింది. 2012 మస్టాంగ్ జీటీలో 5 లీటర్ల వీ8కి అమెరికాలో 5డబ్ల్యూ-20 చెప్పింది. ట్రాక్ కోసం తయారైన బాస్ 302లో అదే ఇంజిన్ రూపాంతరానికి 5డబ్ల్యూ-50 చెప్పి, ఆయిల్ కూలర్ కూడా పెట్టింది. గ్రేడ్ కంటే ముందు డబ్బా వెనక చూడండి. కారు కంపెనీ అనుమతి కోడ్ అక్కడ ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లదైతే 502 00 లాంటిది. మీ మాన్యువల్లో అదే కోడ్ కింద 40 గ్రేడ్‌కు కూడా అనుమతి ఉంటే, ఎండాకాలం ఎక్కువ దూరాలు తిరిగేవారు దానికి మారొచ్చు. 5డబ్ల్యూ-40కి 113 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనమే 5డబ్ల్యూ-30కి వంద దగ్గర ఉంటుంది. అంటే ఆయిల్‌ను ఓ పదమూడు డిగ్రీలు చల్లబరచగలిగినా ఒక గ్రేడ్ ఎక్కినట్టే.

ప్రశ్న: కోయంబత్తూర్ కారి స్పీడ్‌వేలో ట్రాక్ డేలకు వెళ్తున్నాను. ఆయిల్ కూలర్ బిగించాలనుకుంటున్నాను. ఎంత పెద్దది కొనాలి? - ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఎంత పెద్దదో తర్వాత. ముందు ఆయిల్ ఎంత వేడెక్కుతోందో మీ ఉత్తరంలో లేదు. సెన్సర్ పెట్టి ఒక సెషన్ చూసుకోండి. కొన్ని కార్లలో ఓబీడీ ఇచ్చే ఆయిల్ టెంపరేచర్ కొలిచింది కాదు, కంప్యూటర్ అంచనా వేసింది. అందుకని విడి సెన్సరే నమ్మకం. 120 దాటకపోతే కూలర్ డబ్బులు టైర్లకు పెట్టండి.

దాటుతుంటే మాత్రం అది నిజమైన సమస్యే, కంపెనీలకు కూడా అనుభవమైందే. నిస్సాన్ 370జెడ్ 2009 మోడల్‌గా వచ్చినప్పుడు డాష్ మీద ఆయిల్ టెంపరేచర్ గేజ్ ఉంది, కూలర్ మాత్రం లేదు. ట్రాక్ మీద కొన్ని ల్యాప్‌లకే ముల్లు పైకెక్కి, 140కి చేరువలో కంప్యూటర్ ఇంజిన్‌ను కట్టడి చేసేది. తర్వాతి మోడళ్లకు నిస్సాన్ కూలర్ పెట్టింది. తొలి బీఎండబ్ల్యూ 335ఐ టర్బోలదీ ఇదే కథ.

కారి ట్రాక్ పొడవు 2.1 కిలోమీటర్లు. మలుపులు ఎక్కువ, గాలి కొట్టే నిడివైన రోడ్డు తక్కువ. అక్కడ కూలర్ పెద్దదా చిన్నదా అన్నదానికంటే దానికి గాలి ఎలా అందుతుందన్నదే ముఖ్యం. బంపర్ వెనక కూలర్ వేలాడదీస్తే గాలి పక్కల నుంచి తప్పించుకుపోతుంది. చుట్టూ రేకుతోనో ఫోమ్‌తోనో మూసి, గాలి కూలర్‌లోంచే పోయేట్టు, వెనక నుంచి బయటపడేట్టు దారి చూపించాలి. రేడియేటర్‌కు సరిగ్గా ముందు పెడితే ఆయిల్ చల్లబడి కూలెంట్ వేడెక్కుతుంది.

థర్మోస్టాట్ ఉన్న శాండ్‌విచ్ ప్లేటే కొనండి. 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునేది. అది లేకుండా నేరుగా కలిపితే తిరుపతిలో కూరగాయలకు వెళ్లినప్పుడల్లా ఆయిల్ 70 దగ్గరే ఉండిపోతుంది, మొదటి జవాబులో చెప్పిన తేమ అలాగే మిగిలిపోతుంది.

బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. కూలర్ మెడకు హోస్ నట్టు బిగించాలంటే రెండు స్పానర్లు కావాలి, ఒకటి మెడను కదలకుండా పట్టుకోడానికి. ఒక్క స్పానర్‌తో లాగితే అల్యూమినియం మెడ అతుకు దగ్గర మెలితిరుగుతుంది. కారడం ఆ రోజే మొదలవ్వాలని లేదు, కొన్నాళ్లకు అవుతుంది. స్టీలు అల్లిక హోస్‌లు ఎక్కడ రాసుకుంటే అక్కడ ఆకురాయిలా అరగదీస్తాయి. పక్కనున్న ఏసీ పైపుకు తగలకుండా రబ్బరు క్లిప్పులు వేయించండి. కూలర్, హోస్‌లు కలిసి కొంత నూనె తాగుతాయి. స్టార్ట్ చేసి, ఆపి, డిప్‌స్టిక్ మళ్లీ చూసి తక్కువైనది పోయాలి.

సెకండ్‌హ్యాండ్ కూలర్ చవగ్గా దొరికిందని తెచ్చుకోవద్దు. ఇంజిన్ పోయిన కారులోంచి తీసినదైతే ఆ బేరింగ్‌ల లోహపు రజను దాని సన్నటి గొట్టాల్లోనే ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. అదంతా మీ ఇంజిన్‌లోకే వస్తుంది.

ప్రశ్న: ఈ మధ్యే ఇక్కడ 1987 పోర్షే 911 కొన్నాను. చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీస్తే నూనె చుక్క లేదు. రెండు లీటర్లు పోశాను. ఇప్పుడు వెనక నీలం పొగ. ఇంజిన్ అయిపోయిందా? - ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఇంజిన్ సంగతి తర్వాత, నూనె మాత్రం ఎక్కువైనట్టుంది. ఆ కారులో నీటి రేడియేటర్ లేదు. చల్లబరిచే పని గాలీ, నూనే పంచుకుంటాయి. నూనె విడి ట్యాంకులో ఉంటుంది. కారు నిలిచి ఉన్నప్పుడు కొంత నూనె ఇంజిన్‌లోకి దిగిపోతుంది గనక డిప్‌స్టిక్ ఎండినట్టు కనిపిస్తుంది. దాన్ని చూడాల్సింది ఆయిల్ బాగా వేడెక్కాక, సమతలం మీద, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా. డాష్ మీది ఆయిల్ లెవెల్ ముల్లును నమ్మాల్సింది కూడా అప్పుడే.

ఎక్కువైన నూనె బ్రీదర్ గొట్టంలోంచి గాలి తీసుకునే దారిలోకి చేరి కాలుతుంది. ఆ పొగ అదే కావచ్చు. పైన చెప్పినట్టు చూసి, ఎక్కువైనది తీయించండి. ఆ తర్వాత కూడా పొగ ఆగకపోతే అప్పుడు కంప్రెషన్ చూపించాలి. 1969 మోడల్ 911 ఎస్ నుంచి పోర్షే ముందు కుడి ఫెండర్ లోపల అదనపు ఆయిల్ కూలర్ పెట్టడం మొదలుపెట్టింది. మీ కారులోనూ అక్కడే ఉంటుంది. హైవే మీద కూడా ఆయిల్ వేడి దిగకపోతే దాని థర్మోస్టాట్ ఇరుక్కుందేమో చూపించండి. వేడెక్కాక ఆ ఫెండర్ లోపలి గొట్టాల దగ్గర జాగ్రత్తగా చెయ్యి పెడితే వెచ్చదనం తెలియాలి. చల్లగా ఉంటే నూనె అక్కడిదాకా రావడం లేదు.